స్థల గ్రేడింగ్, డ్రైనేజీ నేర్చుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ విద్యార్థులు మొక్కల ఎంపికను, నడక దారుల అమరికను, రాతి పనిని ఇష్టంగా నేర్చుకుంటారు. నేల మట్టాలు నిర్ణయించే పని దగ్గరకు వచ్చేసరికి మాత్రం చాలామంది దాన్ని ఇంజనీర్ల లెక్కగా భావించి దూరం పెడతారు. కానీ ఒక స్థలంలో నీరు ఎటు పోతుందో, చెట్టు బతుకుతుందో లేదో, చక్రాల కుర్చీలో వచ్చిన వ్యక్తి తలుపు దాకా చేరగలరో లేదో తేల్చేది ఆ మట్టాలే. అందువల్ల గ్రేడింగ్‌ను డిజైన్ పూర్తయ్యాక చేసే లెక్కగా కాకుండా, మొదటి గీతతో పాటే మొదలయ్యే ఆలోచనగా నేర్చుకోవాలన్న ఉద్దేశంతో ఈ జవాబులు రాశాను. కొలతలన్నీ మీటర్లలో ఉన్నాయి.

గ్రేడింగ్ అంటే నేలను చదును చేయడమేనా?

కాదు. పూర్తిగా చదునైన నేల మీద నీరు కదలదు కాబట్టి, కంటికి చదునుగా కనిపించే ఆటస్థలానికీ, వాహనాలు నిలిపే చోటుకూ కొంత వాలు ఉండే తీరుతుంది. ఉన్న నేల ఆకారాన్ని అర్థం చేసుకుని, కావలసిన చోట తవ్వి, కావలసిన చోట నింపి, కొత్త ఆకారాన్ని ఇవ్వడం గ్రేడింగ్. ఆ కొత్త ఆకారం మీద పడిన వాననీటిని భవనాలకు, పొరుగు స్థలాలకు హాని కలగకుండా ఒక నిశ్చితమైన చోటికి చేర్చడం డ్రైనేజీ. మట్టం మారిస్తే నీటి దారి మారుతుంది, నీటి దారి మార్చాలంటే మట్టం మార్చాలి. కనుక ఈ రెండింటినీ విడదీసి నేర్చుకోవడం సాధ్యపడదు.

దీనికి గణితం ఎంత రావాలి?

భాగాహారం, నిష్పత్తి బాగా వస్తే తొలి ఏడాది పనికి సరిపోతుంది. ఎత్తులోని తేడాను అడ్డ దూరంతో భాగించి నూటితో గుణిస్తే వాలు శాతం వస్తుంది. ఈ మూడింటిలో ఏ రెండు తెలిసినా మూడోది తెలుస్తుంది. గ్రేడింగ్ లెక్కల్లో అధిక భాగం ఈ ఒక్క సూత్రాన్నే అటూ ఇటూ తిప్పి వాడటం. పేపరు మీద చేతితో ఇది తడుముకోకుండా చేయగలిగే వరకు ముందుకు పోకూడదు.

ఇక్కడ తరచుగా కలిగే గందరగోళం ఒకటుంది. వాలును శాతంలోనూ, నిష్పత్తిలోనూ, డిగ్రీల్లోనూ చెబుతారు. 1:50 అంటే 2 శాతం, 1:20 అంటే 5 శాతం, 1:12 అంటే 8.33 శాతం. నూరు శాతం వాలు అంటే నిట్టనిలువు గోడ అని కొందరు పొరబడతారు. అది 45 డిగ్రీల వాలు మాత్రమే. 2 శాతం వాలు డిగ్రీల్లో ఒకటికి కాస్త ఎక్కువ, అంతే. గట్ల విషయంలో 3:1 అని రాసినప్పుడు అడ్డంగా మూడు మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు మారుతుందని అర్థం. అయితే కొందరు నిలువు కొలతను ముందు రాస్తారు కనుక, డ్రాయింగులో ఏ పద్ధతి వాడారో ముందుగా చూసుకోవాలి.

కాంటూరు రేఖలు చదవడం ఎలా అలవాటవుతుంది?

ఒకే మట్టంలో ఉన్న బిందువులన్నిటినీ కలిపే గీతే కాంటూరు. దాన్ని పుస్తకంలో చదివి అర్థం చేసుకోవడం కంటే చేతితో తయారు చేసి చూడటం మేలు. ఒక లోతైన పళ్లెంలో బంకమట్టితో చిన్న కొండ చేసి, ఒక్కో సెంటీమీటరు చొప్పున నీళ్లు పోస్తూ, ప్రతిసారీ నీటి అంచు మట్టిని తాకిన చోట సూదితో గీత గీయండి. నీళ్లు తీసేసి పైనుంచి చూస్తే కాంటూరు పటం కనిపిస్తుంది. నిటారుగా ఉన్న వైపు గీతలు దగ్గరగాను, వాలు తక్కువగా ఉన్న వైపు దూరదూరంగాను ఎందుకు ఉంటాయో ఇక వివరించనక్కర్లేదు.

తర్వాత గుర్తుంచుకోవాల్సిన లక్షణాలు కొద్దిగానే ఉన్నాయి. కాంటూరు ఎక్కడా మధ్యలో తెగిపోదు. పటంలో కాకపోతే పటం బయటైనా తనను తాను కలుసుకుంటుంది. వేలాడే బండ వంటి అరుదైన చోట్ల తప్ప ఒక కాంటూరు మరొకదాన్ని దాటదు. నీరు ఎప్పుడూ కాంటూరుకు లంబంగానే దిగుతుంది. లోయ దగ్గర గీత మొన ఎగువకు చూస్తుంది, మెరక వెన్ను దగ్గర దిగువకు చూస్తుంది. ఈ చివరి లక్షణమే అన్నింటికన్నా ముఖ్యమైనది, ఎందుకంటే కాలువనూ గట్టునూ పటం మీద వేరు చేసేది అదొక్కటే. గీతలు ఒకే తీరుగా వంగి ఉన్నా, మట్టం అంకెలు చూడకుండా అది ఏదో చెప్పలేము.

ఈ లక్షణాలు బాగా పట్టుబడ్డాయో లేదో తెలుసుకోవడానికి ఒక రోడ్డును తీసుకోవచ్చు. 3 శాతం వాలుతో దిగుతున్న రోడ్డుకు నడుమ మెరక ఉంది, అంచున 15 సెంటీమీటర్ల ఎత్తు కర్బు, అంటే అంచు రాతి గట్టు, ఉంది, కర్బు పైన కాలిబాట ఉంది అనుకుందాం. రోడ్డు మధ్యలో కాంటూరు దిగువకు ఉబ్బుతుంది, ఎందుకంటే అక్కడ నేల ఎత్తుగా ఉంది కాబట్టి ఆ మట్టం రావాలంటే ఇంకొంత కిందికి పోవాలి. కర్బు అంచుకు వచ్చేసరికి అదే గీత ఎగువకు జరుగుతుంది. అక్కడి నుంచి కాలిబాట మీదకు నేరుగా దూకదు. కర్బు ముఖాన్ని పట్టుకుని దిగువకు 5 మీటర్లు నడిచి, అక్కడ కాలిబాట మీదకు ఎక్కుతుంది. 0.15ను 0.03తో భాగిస్తే వచ్చేది ఆ 5 మీటర్లే. ఈ మెట్టు లాంటి ఆకారం ఎందుకు వచ్చిందో సొంత మాటల్లో చెప్పగలిగిన విద్యార్థికి కాంటూర్లు వచ్చినట్టే.

రెండు బిందువుల మట్టాలు తెలిస్తే వాటి మధ్య కాంటూరు ఎక్కడ పడుతుంది?

దీన్ని ఇంటర్‌పొలేషన్ అంటారు. ఒక బిందువు మట్టం 101.3, మరొకటి 102.1, వాటి మధ్య దూరం 16 మీటర్లు అనుకోండి. మొత్తం తేడా 0.8. 101.5 కాంటూరు కింది బిందువు నుంచి 0.2 ఎత్తులో ఉంది, అంటే మొత్తం తేడాలో నాలుగో వంతు. కనుక అది 4 మీటర్ల దూరంలో పడుతుంది. 102.0 కాంటూరు 14 మీటర్ల దగ్గర పడుతుంది. రెండు బిందువుల మధ్య నేల ఒకే వాలుతో ఉందన్న ఊహ మీద ఈ లెక్క నిలబడింది. మధ్యలో గుంట గానీ గట్టు గానీ ఉంటే సర్వేలో అక్కడ కూడా బిందువు తీసుకుని ఉండాలి; లేకపోతే లెక్క సరైనదే అయినా పటం తప్పుతుంది.

ఒక చిన్న ఉదాహరణను మొదటి నుంచి చివరి వరకు చూపగలరా?

భవనం గోడ వెంట 12 మీటర్ల పొడవు, గోడ నుంచి బయటికి 8 మీటర్ల వెడల్పు ఉన్న రాతి పరుపు వేయాలి. లోపలి గచ్చు మట్టం 50.00. తలుపు పరుపు ఎడమ కొస దగ్గర ఉంది, అక్కడ పరుపు మట్టం 49.98.

ముందుగా గోడ నుంచి బయటికి మాత్రమే 2 శాతం వాలు ఇస్తే, 8 మీటర్లలో 0.16 తగ్గి బయటి అంచు మట్టం 49.82 అవుతుంది. 49.90 కాంటూరు గోడకు 4 మీటర్ల దూరంలో, గోడకు సమాంతరంగా సాగుతుంది. నీరంతా 12 మీటర్ల బయటి అంచు పొడవునా పలచగా జారిపోతుంది. అంచుకు ఆవల పచ్చిక ఉంటే ఇది చక్కని ఏర్పాటు.

కానీ నీటిని ఒక మూలకు చేర్చాలనుకుంటే, ఎడమ నుంచి కుడికి గోడ వెంట కూడా 1 శాతం వాలు ఇవ్వాలి. అప్పుడు గోడ పక్కన కుడి కొస మట్టం 49.86, దాని ఎదుటి బయటి మూల మట్టం 49.70 అవుతాయి. 49.90 కాంటూరు ఎడమ అంచున గోడకు 4 మీటర్ల దూరంలో మొదలై, ఐమూలగా వచ్చి, తలుపు కొస నుంచి 8 మీటర్ల దగ్గర గోడను తాకుతుంది. 49.80 కాంటూరు బయటి అంచు మీద ఎడమ మూల నుంచి 2 మీటర్ల దగ్గర మొదలై, కుడి అంచును గోడకు 3 మీటర్ల దూరంలో తాకుతుంది. రెండు గీతలూ సమాంతరంగా ఉన్నాయి కాబట్టి పరుపు అంతా ఒకే తలంలో ఉందని, ఎక్కడా మెలి తిరగలేదని రూఢి అవుతుంది. నీరు వాటికి లంబంగా, అంటే దూరపు మూల వైపు పోతుంది, నిజమైన వాలు సుమారు 2.24 శాతం ఉంటుంది. నీటిని పట్టే జాలీ ఆ మూలనే పెట్టాలి.

ఇదే పరుపుతో, వాలు శాతాలు మార్చి, తలుపును మధ్యకు జరిపి, పదే పదే చేయడం మంచి సాధన. తలుపు మధ్యలో ఉంటే దాని ఎదుట మెరక బిందువు వస్తుంది, పరుపు రెండు తలాలుగా విడిపోతుంది. ఆ రెండు తలాలు కలిసే గీత మీద కాంటూర్లు ఎలా విరుగుతాయో గీసి చూడాలి.

ఏ ఉపరితలానికి ఎంత వాలు ఇవ్వాలి?

నునుపైన కాంక్రీటు మీద 1 శాతం వాలుతో నీరు బాగానే కదులుతుంది. తారు ఉపరితలానికి 1.5 శాతం, అతుకులున్న రాయి లేదా ఇటుక పరుపుకు 2 శాతం దాకా ఇస్తే నిశ్చింతగా ఉంటుంది. పచ్చికకు 2 శాతం కంటే తగ్గకుండా చూసుకోవాలి, ఎందుకంటే గడ్డి నీటి వేగాన్ని తగ్గిస్తుంది, పైగా మట్టి కాలక్రమంలో కుంగుతుంది. యంత్రంతో గడ్డి కోసే వాలు 3:1 దాటకూడదు, 4:1 అయితే మరింత సురక్షితం. మొక్కలతో కప్పిన గట్టుకు 2:1 దాదాపు చివరి హద్దు. అంతకు మించితే రాతి కట్టడమో, అడ్డుగోడో అవసరమవుతుంది.

ఈ అంకెలను కంఠస్థం చేయడం అవసరమే, కానీ వీటి వెనకున్న కారణం తెలియకపోతే అవి అక్కరకు రావు. కనిష్ఠ వాలును నీరు నిలవకుండా ఉండటం కోసం, గరిష్ఠ వాలును మనిషి జారకుండా, మట్టి కొట్టుకుపోకుండా ఉండటం కోసం పెట్టారు. మేస్త్రీ పనిలో కొన్ని మిల్లీమీటర్ల తేడా ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, నియమం అనుమతించే కొసదాకా వెళ్లి గీయకూడదని నేను గట్టిగా నమ్ముతాను. 5 శాతం హద్దు ఉన్నచోట 4.5, 2 శాతం హద్దు ఉన్నచోట 1.5 గీస్తే కట్టిన తర్వాత కూడా నియమంలోనే ఉంటుంది.

భవనం చుట్టూ నేలను ఎలా మలచాలి?

ఏ వైపు చూసినా నేల భవనం నుంచి దూరంగా దిగాలి. అమెరికా నివాస భవనాల నియమావళి పునాది పక్కన మొదటి పది అడుగుల్లో ఆరు అంగుళాలు, అంటే సుమారు 3 మీటర్లలో 15 సెంటీమీటర్లు, దిగాలని చెబుతుంది. అది 5 శాతం.

దిగువ వైపు ఇది సులువు. అసలు చిక్కంతా ఎగువ వైపే ఉంటుంది, ఎందుకంటే అక్కడ సహజమైన నేల భవనం వైపే దిగి వస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి భవనానికీ కొండవాలుకూ మధ్య స్వేల్ అని పిలిచే వెడల్పైన, లోతు తక్కువ పచ్చిక కాలువను తవ్వుతారు. గచ్చు మట్టం 50.00 అయితే, గోడ పక్కన నేలను 49.85 దగ్గర ఉంచి, అక్కడి నుంచి 3 మీటర్లు 5 శాతంతో దింపితే 49.70 వస్తుంది. ఆ కాలువకు మెరక బిందువు అదే. అక్కడ నీరు రెండుగా చీలి, భవనానికి ఇరువైపులా 2 శాతం వాలుతో పోతుంది. పది మీటర్ల దూరంలోని మూల దగ్గరకు చేరేసరికి కాలువ అడుగు మట్టం 49.50 అవుతుంది. కాలువ అడుగు నుంచి ఎగువ గట్టును 3:1తో ఎక్కించి పాత నేలను కలపాలి.

కొత్త కాంటూర్లు పాత కాంటూర్లను కలిసే చోటుతో గ్రేడింగ్ హద్దు తేలుతుంది. ఆ హద్దు స్థలం సరిహద్దు దాటి పొరుగు స్థలంలోకి పోయిందంటే, గచ్చు మట్టం తప్పుగా ఎంచుకున్నారని గానీ, అడ్డుగోడ అవసరమని గానీ అర్థం. అందుకే గచ్చు మట్టం ఖరారయ్యే సమావేశంలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఉండాలి. ఆ అంకె ఖాయమయ్యాక చేతికి వచ్చే స్థలంలో సర్దుబాట్లు తప్ప డిజైన్ మిగలదు.

ఉన్న చెట్లను కాపాడుతూ మట్టాలు మార్చవచ్చా?

చెట్టు కొమ్మల అంచు నుంచి కిందికి దిగే వలయం లోపల మట్టం మార్చకపోవడమే సరైన పద్ధతి. నీటినీ గాలినీ పీల్చే సన్నని వేళ్లు ఎక్కువగా పైనున్న 30 నుంచి 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. 15 సెంటీమీటర్లు తవ్వితే వాటిలో చాలా భాగం తెగిపోతుంది. అంతే మట్టి పోస్తే, ముఖ్యంగా బంకమట్టి పోస్తే, గాలి ఆడక అవి చచ్చిపోతాయి. దెబ్బ తగిలిన చెట్టు వెంటనే వాడిపోదు, కొన్నేళ్ల తర్వాత కొమ్మల కొసల నుంచి ఎండుతూ వస్తుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. కనుక డ్రాయింగులో మొట్టమొదట చెట్ల వలయాలు గీసి, ఆ లోపలి కాంటూర్లను తాకరాదని నిర్ణయించుకుని, ఆ తర్వాతే కొత్త గీతలు మొదలుపెట్టాలి. మట్టం తప్పనిసరిగా మారాల్సి వస్తే అడ్డుగోడను వలయానికి వెలుపల కట్టాలి.

తవ్విన మట్టి, నింపిన మట్టి సమానంగా ఉండాల్సిందేనా?

సమానంగా ఉంటే మట్టిని బయటికి మోసుకుపోవడం, బయటి నుంచి తేవడం తప్పుతాయి కాబట్టి అది మంచి లక్ష్యమే. అయితే స్థలానికి నప్పని ఆకారాన్ని కేవలం లెక్క కుదరడం కోసం ఒప్పుకోకూడదు.

ఘనపరిమాణం కట్టడానికి కాంటూర్ల మధ్య వైశాల్యాలను వాడే పద్ధతి ఉంది, గళ్లు గీసి ఒక్కో మూల దగ్గర పాత మట్టానికీ కొత్త మట్టానికీ తేడా చూసే పద్ధతీ ఉంది. ప్రాసంగికంగా ఒక మాట: సమాన మట్టపు బిందువులను గీతలతో కలిపిన తొలి వ్యక్తుల్లో గణిత శాస్త్రవేత్త చార్లెస్ హట్టన్ ఒకరు. 1774లో స్కాట్లాండ్‌లోని షిహాలియన్ కొండ దగ్గర భూమి సాంద్రత తెలుసుకోవడానికి జరిగిన ప్రయోగం కోసం ఆ కొండ ఘనపరిమాణం లెక్కించాల్సి వచ్చి ఆయన ఈ ఉపాయం వాడారు. నేడు విద్యార్థి కాంటూర్ల మీద చేసే మట్టి లెక్క ఆ పనికి వారసత్వమే.

లెక్కలో మరచిపోకూడనివి మూడున్నాయి. తవ్విన మట్టి పొంగుతుంది. ఇసుక నేల పదో వంతు, బంకమట్టి నాలుగో వంతు లేదా అంతకు మించి పొంగవచ్చు. అదే మట్టిని రోలరుతో గట్టిపరిస్తే తవ్వకముందు ఉన్నదానికన్నా తక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండోది, కాంటూర్లు చూపేది పూర్తయిన ఉపరితలాన్ని. పరుపు కింద మట్టి మట్టం అంతకంటే దిగువన ఉంటుంది. 200 చదరపు మీటర్ల పరుపుకు రాయి, ఇసుక, కంకర కలిపి 25 సెంటీమీటర్ల మందం ఉంటే, 50 ఘనపు మీటర్ల తేడా అక్కడే వస్తుంది. మూడోది పైమట్టి. పని మొదలుపెట్టే ముందు 15 సెంటీమీటర్ల మేర సారవంతమైన పైమట్టిని తీసి విడిగా కుప్ప వేసి, చివర్లో మొక్కల చోట్ల తిరిగి పరచాలి. దాన్ని నింపుడు మట్టిగా లెక్కలో కలపకూడదు.

మట్టిని ఎంత గట్టిపరచాలి?

పరుపుల కింద, 1933లో ఇంజనీరు రాల్ఫ్ ప్రోక్టర్ రూపొందించిన మట్టి పరీక్షలో వచ్చే గరిష్ఠ సాంద్రతలో 95 శాతం దాకా గట్టిపరచమని సాధారణంగా కోరతారు. మొక్కలు నాటే చోట అంత గట్టి నేలలో వేళ్లు దిగవు, నీరు ఇంకదు. అక్కడ 80, 85 శాతం దగ్గర ఆపాలి. ఈ తేడా డ్రాయింగులో రాయకపోతే యంత్రం స్థలమంతా ఒకే తీరున తొక్కేస్తుంది.

ఎంత నీరు వస్తుందో ఎలా లెక్కిస్తారు?

చిన్న స్థలాలకు రేషనల్ పద్ధతి వాడతారు. 1850ల తొలినాళ్లలో ఐర్లాండ్‌లో మల్వనీ, 1889లో అమెరికాలో ఎమిల్ కూక్లింగ్ అనే ఇంజనీర్లు దీనికి రూపమిచ్చారు. పడిన వానలో ఎంత వంతు పారిపోతుందో నేల రకాన్ని బట్టి చెప్పే ప్రవాహ గుణకాన్ని, వాన తీవ్రతను, స్థల వైశాల్యాన్ని గుణించడమే దాని సారాంశం. తీవ్రతను గంటకు మిల్లీమీటర్లలో, వైశాల్యాన్ని హెక్టార్లలో తీసుకుంటే, వచ్చిన లబ్ధాన్ని 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరో తెలుస్తుంది.

అర హెక్టారు పచ్చిక నేలకు గుణకం 0.25, వాన గంటకు 60 మిల్లీమీటర్లు అనుకుంటే సెకనుకు సుమారు 21 లీటర్లు వస్తాయి. అందులో 0.2 హెక్టార్లను 0.9 గుణకం ఉన్న పరుపుగా మారిస్తే సగటు గుణకం 0.51 అవుతుంది, ప్రవాహం 42.5 లీటర్లకు, అంటే రెట్టింపుకు చేరుతుంది. సగానికి తక్కువ నేలను కప్పినా నీరు రెట్టింపవుతుందన్న ఈ ఒక్క లెక్క వాననీటి నిర్వహణ ఎందుకు అవసరమో ఎన్నో ఉపన్యాసాల కన్నా బాగా చెబుతుంది.

వాన తీవ్రతను ఊహించి రాయకూడదు; ఆ ప్రాంతపు వర్షపాత పట్టికల నుంచి, స్థలం కొస నుంచి నీరు కిందికి చేరడానికి పట్టే సమయాన్ని బట్టి తీసుకోవాలి. పదేళ్ల వాన అంటే పదేళ్లకు ఒకసారి మాత్రమే వచ్చేదని కాదు. ఏ ఏడాదిలోనైనా రావడానికి పది శాతం అవకాశం ఉన్నదని అర్థం. వరసగా రెండేళ్లు కూడా రావచ్చు.

వచ్చిన నీటిని మోయడానికి కాలువ లేదా గొట్టం ఎంత ఉండాలో రాబర్ట్ మానింగ్ పేరిట ఉన్న సూత్రంతో చూస్తారు. అందులో ఉపరితలపు గరుకుతనం ఒక అంకెగా వస్తుంది. కాంక్రీటు గొట్టానికి అది 0.013, గడ్డి కాలువకు 0.03 లేదా అంతకన్నా ఎక్కువ. అంటే ఒకే వాలు, ఒకే కొలతలు ఉన్నా గడ్డి కాలువలో నీరు సగం వేగంతో కూడా పోదు. మట్టి కొట్టుకుపోకుండా కాపాడేదీ ఆ నిదానమే.

గొట్టాలు మంచివా, పచ్చిక కాలువలు మంచివా?

చోటు ఉన్నంతవరకు నేల మీదే నీటిని నడపడం మేలని నా అభిప్రాయం. నేల మీద పోయే నీరు కొంత ఇంకుతుంది, దారిలో ఏదైనా అడ్డం పడితే వెంటనే కనిపిస్తుంది. గొట్టం పూడుకుపోయిన సంగతి మాత్రం పెద్ద వాన రోజునే బయటపడుతుంది. చోటు ఇరుకైనప్పుడు, నడక దారిని దాటించాల్సినప్పుడు గొట్టం తప్పదు. అప్పుడు నీరు గొట్టంలోకి దిగే ప్రతి గుంత దగ్గరా జాలీ పై మట్టం, గొట్టం లోపలి అడుగు మట్టం రెండూ రాయాలి, గొట్టంలో మట్టి పేరుకోకుండా నీటి వేగం సెకనుకు కనీసం 0.6 మీటర్లు ఉండేలా వాలు ఇవ్వాలి.

నీరు పల్లమెరుగు అంటారు. జాలీ ఆకులతో మూసుకుపోయిన రోజున కూడా నీరు ఏదో ఒక పల్లాన్ని వెతుక్కుంటూ పోతుంది కనుక, ఆ పల్లం ఎక్కడ ఉండాలో మనమే నిర్ణయించాలి. జాలీ చుట్టూ నేల గిన్నెలా ఉంటే, ఆ గిన్నె అంచులో అన్నిటికన్నా తక్కువ మట్టం ఎక్కడుందో చూసుకోవాలి. అది తలుపు గడప అయితే డిజైన్ తప్పు. గడప కంటే కనీసం 15 సెంటీమీటర్లు కింద, నీరు పొంగి పోవడానికి ఒక దారి నేల మీద ఉండాలి. ఏ గ్రేడింగ్ ప్లాన్‌ను చూసినా నేను ముందుగా వెతికేది ఈ పొంగు దారినే.

నీటిని ఇంకించే తోట గుంటలను భవనానికి కనీసం 3 మీటర్ల దూరంలో పెట్టాలి. నేల ఎంత వేగంగా నీటిని ఇంకిస్తుందో గుంత తవ్వి, నీళ్లు పోసి, ముందే పరీక్షించాలి. నిలిచిన నీరు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోతే వేళ్లకు ఇబ్బంది ఉండదు, దోమలు పెరగడానికీ వ్యవధి ఉండదు.

ర్యాంపులు, మెట్లు గ్రేడింగ్‌లోకి వస్తాయా?

తప్పకుండా వస్తాయి. అమెరికా అందుబాటు ప్రమాణాల ప్రకారం 1:20 కంటే నిటారైన దారి ర్యాంపు అవుతుంది. ర్యాంపు వాలు 1:12 దాటకూడదు, ఒక్క విడతలో 76 సెంటీమీటర్ల కంటే ఎక్కువ ఎత్తు ఎక్కించకూడదు, పైనా కిందా సుమారు ఒకటిన్నర మీటర్ల సమతల వేదిక ఉండాలి. అనేక ఇతర దేశాలూ 1:12 హద్దునే పాటిస్తాయి. 0.6 మీటర్ల ఎత్తుకు 1:12 ర్యాంపు 7.2 మీటర్ల పొడవు ఉంటుంది. 1:20 దారి అయితే 12 మీటర్లు. ఆ అదనపు 4.8 మీటర్ల చోటు దొరికితే, కమ్మీలు కూడా అక్కర్లేకుండా అందరూ ఒకే దారిన నడిచే ఏర్పాటు కుదురుతుంది. ఒక పక్క మెట్లు, మరెక్కడో వెనక ర్యాంపు పెట్టడం కంటే అది ఎంతో గౌరవప్రదం. బయటి మెట్ల అడుగులకు కూడా ముందుకు 1 శాతం వాలు ఇవ్వాలి, లేకపోతే నీరు నిలిచి కాలు జారుతుంది.

సాఫ్ట్‌వేర్ ఉండగా చేతితో గీయడం ఎందుకు?

సివిల్ త్రీడీ వంటి ప్రోగ్రాములు మీరిచ్చిన బిందువుల మధ్య త్రిభుజాలు అల్లి ఉపరితలం తయారు చేస్తాయి. కర్బు అంచు, గోడ అంచు వంటి విరుపు గీతలను మీరు చెప్పకపోతే, అవి ఆ అంచులను సాఫీగా కరిగించేసి అందమైన, కానీ తప్పుడు కాంటూర్లు గీస్తాయి. తెర మీది గీత తప్పని గుర్తించగలిగేది చేతితో గీసినవారే. కనుక మొదటి కొన్ని నెలలు పెన్సిల్, స్కేలు, ట్రేసింగ్ పేపర్‌తో పని చేసి, తర్వాత ప్రోగ్రాముకు వెళ్లడం మంచిది.

ఇంజనీరు ఉన్నప్పుడు ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఇదంతా ఎందుకు నేర్వాలి?

పెద్ద గొట్టాల వ్యవస్థలు, ఎత్తైన అడ్డుగోడలు ఇంజనీరు బాధ్యతే. కానీ నడిచేవారికి నేల ఎలా అనిపిస్తుందో, గట్టు ఎక్కడ కూర్చునే చోటుగా మారుతుందో, కాలువ ఎక్కడ తోటలో భాగమవుతుందో నిర్ణయించేది మనం. అమెరికా, కెనడాల్లో లైసెన్సు కోసం రాసే ఎల్‌ఏఆర్‌ఈ పరీక్ష నాలుగు భాగాల్లో ఒకటి పూర్తిగా గ్రేడింగ్, డ్రైనేజీ, వాననీటి నిర్వహణకే కేటాయించారంటే వృత్తిలో దీని స్థానం తెలుస్తుంది.

సొంతంగా సాధన ఎలా చేయాలి?

వాన వెలిసిన వెంటనే బయటికి వెళ్లి, పరుపుల మీద నీరు నిలిచిన చోట్లను చూడండి. ఎండిన తర్వాత అదే చోట పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి వాడే ట్యూబ్ లెవెల్‌తో మట్టాలు కొలవండి. నీరు నిలిచిన చోట వాలు ఒక శాతం కంటే తక్కువ ఉందో, ఎదురు వాలు ఉందో అంకెల్లో కనిపిస్తుంది. మెట్లు, ర్యాంపు, జాలీ ఉన్న ఒక చిన్న ప్రాంగణాన్ని ఎంచుకుని, ముప్పై నలభై బిందువుల మట్టాలు తీసుకుని, 10 సెంటీమీటర్ల అంతరంతో కాంటూర్లు గీయండి. గీసిన పటం మీద నీటి బాణాలు వేసి, తర్వాతి వానలో వాటిని నేల మీద సరిచూసుకోండి. బాణం ఒకవైపు, నీరు మరోవైపు పోయిన ప్రతిచోటా ఇంకో రెండు బిందువులు కొలిచి గీతను దిద్దాలి. ఆ తర్వాత అదే పటం మీద ట్రేసింగ్ పేపర్ వేసి, నీరు నిలిచే ఒక్క చోటును తక్కువ మట్టి కదిపి ఎలా సరిచేయవచ్చో కొత్త కాంటూర్లతో చూపండి.